అయస్కాంతం ఇంధనం కాదు: చేలో దీపానికి చిన్న జనరేటరు

రాత్రిపూట సైకిలు తొక్కిన పెద్దవాళ్లకు డైనమో సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. డైనమో తలను టైరుకు ఆనించగానే ముందు దీపం వెలుగుతుంది. ఆ వెంటనే తొక్కుడు బరువెక్కుతుంది. ఎక్కిన ఆ బరువే కరెంటుగా మారి దీపంలోకి వెళుతోందన్న మాట. ఆ డైనమోలో ఉన్నదల్లా ఒక అయస్కాంతం, దాని పక్కన రాగి తీగ చుట్ట. మామూలు సైకిలు డైనమో ఇచ్చేది 6 వోల్టుల దగ్గర 3 వాట్లు మాత్రమే.

ఇదే సూత్రం మీద కొంచెం పెద్ద జనరేటరును పల్లెలో ఉండే లేతు షాపు, వెల్డింగ్ షాపు, మోటారు వైండింగ్ మెకానిక్ సాయంతో తయారు చేసుకోవచ్చు. అయితే ఈమధ్య సెల్‌ఫోన్లలో రకరకాల వీడియోలు తిరుగుతున్నాయి. నాలుగు అయస్కాంతాలు బిగించి ఒక్కసారి తిప్పి వదిలితే చాలు, డీజిలు లేకుండా, గాలి లేకుండా, నీరు లేకుండా అదే తిరుగుతూ మోటారు నడుపుతుందని వాటి సారాంశం. అలాంటి యంత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. అయస్కాంతం ఇంధనం కాదు. తిప్పే బలాన్ని కరెంటుగా మార్చే సాధనం మాత్రమే. తిప్పే బలం ఎంతో, వచ్చే కరెంటు అంతకంటే తక్కువే. అలాంటి యంత్రానికి అడ్వాన్సు ఇచ్చే ముందు సైకిలు డైనమోను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కాబట్టి జనరేటరు తయారు చేయాలనుకునే రైతు ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దీన్ని తిప్పేది ఎవరు? వాగు నీరా, గాలా? అది తేలాకే సామాను కొనాలి.

కరెంటు ఎలా పుడుతుంది?

రాగి తీగ చుట్ట ముందు నుంచి అయస్కాంతం కదిలిపోతే ఆ తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టాడు. ఇప్పటికీ అన్ని జనరేటర్లకూ అదే మూలం. అయస్కాంతం ఎంత బలమైనదైతే, చుట్లు ఎన్ని ఎక్కువైతే, ఎంత వేగంగా తిరిగితే అన్ని వోల్టులు ఎక్కువ వస్తాయి.

పూర్వం దొరికే నల్లటి ఫెర్రైటు అయస్కాంతాలకు బలం తక్కువ. 1980లలో వచ్చిన నియోడిమియం అయస్కాంతాలు చాలా శక్తిమంతమైనవి. వీటి వల్లనే తక్కువ వేగంతో తిరిగే చిన్న జనరేటర్లు ఇంటి దగ్గర చేసుకోవడం సాధ్యమైంది. స్కాట్లండ్‌లోని స్కొరేగ్ అనే మారుమూల పల్లెలో ఉండే హ్యూ పిగ్గాట్, రెండు ఇనుప బిళ్లల మధ్య తీగ చుట్టలు ఉంచే పద్ధతిని అందరూ చేసుకోగలిగేలా వివరించి ప్రచారంలోకి తెచ్చారు. ఇక్కడ చెబుతున్నది ఆ తరహా జనరేటరే.

మోటారుకు కాదు, దీపానికి

5 హార్స్‌పవర్ మోటారు తిరగాలంటే 3,700 వాట్ల పైచిలుకు కావాలి. మనం చేసే జనరేటరు మంచి గాలిలో 50 వాట్లు, వాగు నీటి మీద 80 వాట్ల దాకా ఇస్తుంది. అంటే మోటారు ఊసే ఎత్తకూడదు. మరి దేనికి పనికొస్తుంది?

కావలి పాకలో 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు 6 గంటలు వెలగడానికి 60 వాట్-గంటలు చాలు. రెండు సెల్‌ఫోన్ల చార్జింగుకు మరో 30 వేసుకోండి. మొత్తం రోజుకు 90 నుంచి 100 వాట్-గంటలు, అంటే యూనిట్‌లో పదో వంతు. రాత్రి నీళ్లు కట్టేటప్పుడు పాము కనబడాలన్నా, పంటకు అడవిపందుల కాపలా ఉండాలన్నా, పశువుల పాకలో ఈనే గేదెను చూసుకోవాలన్నా ఆ వెలుగు విలువ తక్కువేమీ కాదు.

నీరు ఉన్నచోట

మన్యం ప్రాంతాల్లో కొండవాగు ఉన్న రైతుకు ఇది బాగా కలిసివస్తుంది. గాలి ఆగినా, మబ్బు పట్టినా నీరు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటుంది.

లెక్క తేలిక. సెకనుకు పారే లీటర్లను, నీరు పడే ఎత్తు మీటర్లతో గుణించి, దాన్ని 9.8తో గుణిస్తే నీటిలో ఉన్న బలం వాట్లలో వస్తుంది. 15 లీటర్ల బకెట్ 3 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. ఎత్తును తాపీ మేస్త్రీలు మట్టం చూసే నీటి గొట్టంతో కొలవచ్చు. ఎత్తు 5 మీటర్లు ఉందనుకుంటే 5 × 5 × 9.8 = 245 వాట్లు. ఇంట్లో చేసిన చక్రం, జనరేటరు కలిసి ఇందులో మూడో వంతు వరకు ఇస్తాయి. అంటే సుమారు 80 వాట్లు. రోజంతా తిరిగితే దాదాపు 2 యూనిట్లు. నాలుగైదు ఇళ్లకు దీపాలు పెట్టవచ్చు.

నీటిని 4 అంగుళాల పైపులో దింపి, చివర అంగుళం నోరున్న నాజిల్ బిగించాలి. 5 మీటర్ల ఎత్తు నుంచి వచ్చే నీటి ధార సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో కొడుతుంది. చక్రం అంచు అందులో సగం వేగంతో తిరిగితే పని బాగా జరుగుతుంది. అడుగు వ్యాసం చక్రమైతే అది నిమిషానికి సుమారు 300 చుట్లు. కాబట్టి బెల్టు, పళ్ల చక్రాలు లేకుండా జనరేటరును నేరుగా చక్రం ఇరుసుకే బిగించవచ్చు. ఎండాకాలంలో వాగులో ఎంత నీరు మిగులుతుందో కూడా కొలుచుకున్నాకే పైపులు కొనాలి. పైపు నోటి దగ్గర ఆకులు, చెత్త పోకుండా జాలీ పెట్టడం మరువరాదు.

గాలి ఉన్నచోట

గాలి వేగం రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే గాలిమర పెట్టే స్థలమే ముఖ్యం. 1.8 మీటర్ల వ్యాసం ఉన్న మూడు రెక్కల మర సెకనుకు 5 మీటర్ల గాలిలో దాదాపు 50 వాట్లు, 4 మీటర్ల గాలిలో 20 నుంచి 25 వాట్లు ఇస్తుంది. 3 మీటర్ల దగ్గర బ్యాటరీలోకి పోయేది నామమాత్రమే.

పరికరం లేకుండా గాలిని అంచనా వేయడానికి గుర్తులు ఉన్నాయి. ఆకులు గలగలలాడితే సెకనుకు 2 నుంచి 3 మీటర్లు. సన్న కొమ్మలు ఆగకుండా ఊగుతూ, జెండా బారుగా ఎగిరితే 4 నుంచి 5 మీటర్లు. దుమ్ము, కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగితే 6 నుంచి 8 మీటర్లు. ఇలా రోజుకు ఎన్ని గంటలు వీస్తోందో కనీసం రెండు నెలలు క్యాలెండరు మీద రాసుకోవాలి.

రాయలసీమ మెట్టల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి జోరుగా ఉంటుంది. మిగతా నెలల్లో తగ్గిపోతుంది. చుట్టూ తాటి చెట్లు, మామిడి తోట ఉన్న పల్లపు చేలలో గాలిమర పెట్టడం దండగ. చుట్టుపక్కల 100 మీటర్లలో ఉన్న ఎత్తైన చెట్టు కంటే మర 30 అడుగులు పైన ఉంటేనే నిలకడైన గాలి తగులుతుంది.

సోలార్ పలకతో పోల్చి చూడండి

50 వాట్ల సోలార్ పలక మన ఎండలకు రోజుకు 200 వాట్-గంటల వరకు ఇస్తుంది. దానికి తిరిగే భాగాలు లేవు, అరుగుదల లేదు. వాగు లేక, గట్టి గాలి లేక, ఎండ మాత్రమే ఉన్న రైతు పలక కొనుక్కోవడమే మేలు. వాగు ఉన్నవారికి, ముసురు నెలల్లో గాలి బాగా వీచే మెట్టవారికి జనరేటరు లాభం. రెండూ ఒకే బ్యాటరీకి కలుపుకుంటే ముసురు రోజుల్లో గాలి, ఎండాకాలంలో పలక ఆదుకుంటాయి.

కావలసిన సామాను

నియోడిమియం అయస్కాంతాలు, 46 × 30 × 10 మిల్లీమీటర్లవి - 16

250 మి.మీ. వ్యాసం, 8 నుంచి 10 మి.మీ. మందం ఉన్న ఇనుప బిళ్లలు - 2

16 గేజి ఎనామెల్ రాగి తీగ - సుమారు ఒకటిన్నర కిలో

ఫైబర్ పని చేసేవారు వాడే పాలిస్టర్ రెసిన్, హార్డ్‌నర్, ఫైబర్ గుడ్డ

పాత చిన్న కారు వెనక చక్రం హబ్బు, బేరింగులతో సహా - 1

35 ఆంపియర్ల మూడు ఫేజుల బ్రిడ్జి రెక్టిఫైయర్ - 1

12 వోల్టుల, 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ - 1, ఫ్యూజు, తీగలు

ఖర్చులో పెద్ద భాగం అయస్కాంతాలది, రాగిదే. ధరలు తరచు మారతాయి కనుక కనీసం రెండు చోట్ల విచారించాలి.

తయారు చేసే విధం

బిళ్లలు: హబ్బు బోల్టులకు సరిపోయేలా రెండు బిళ్లలకూ ఒకేసారి రంధ్రాలు వేయించాలి. ఒక్కో బిళ్ల మీద 8 అయస్కాంతాలు అంచు వెంట సమాన దూరంలో, పొడవు వైపు కేంద్రానికి చూసేలా అమర్చాలి. ఒకటి ఉత్తర ధ్రువం పైకి ఉంటే పక్కది దక్షిణ ధ్రువం పైకి ఉండాలి. బిళ్లలు రెండూ ఎదురెదురుగా నిలిపినప్పుడు ఒకదాని ఉత్తరానికి రెండోదాని దక్షిణం ఎదురు రావాలి. ఒక అయస్కాంతానికి సున్నంతో గుర్తు పెట్టుకుని, మిగతావాటిని దానితో సరిచూసుకుంటే పొరపాటు రాదు. తర్వాత అంచు కట్టి, అయస్కాంతాల మధ్య రెసిన్ పోయాలి. ఇవి తేమకు తొందరగా తుప్పు పడతాయి. 80 డిగ్రీల వేడి దాటితే మామూలు రకాలు బలం కోల్పోతాయి. కనుక బిగించాక బిళ్ల మీద వెల్డింగ్ చేయరాదు.

చుట్టలు: 46 × 30 మి.మీ. చెక్క దిమ్మకు రెండు వైపులా ప్లైవుడ్ ముక్కలు బిగించి, మధ్య 13 మి.మీ. సందు ఉంచాలి. అందులో 60 చుట్లు బిగువుగా చుట్టాలి. ఇలాంటివి 6 కావాలి. అన్నీ ఒకే వైపుకు, సరిసమానంగా చుట్టాలి. చుట్టలను వలయంగా పేర్చి 1 నుంచి 6 వరకు అంకెలు వేయాలి. ఒకటో చుట్ట చివరను నాలుగో చుట్ట మొదలుకు, రెండో దాన్ని అయిదుకు, మూడో దాన్ని ఆరుకు అతకాలి. 4, 5, 6 చుట్టల చివరలు మూడింటినీ ఒకచోట కలపాలి. 1, 2, 3 చుట్టల మొదళ్లు మూడూ బయటికి తీయాలి. ఇదే స్టార్ కనెక్షన్. మోటారు వైండింగ్ మెకానిక్‌కు ఈ మాట చెబితే చాలు. అతికే చోట ఎనామెల్ పూర్తిగా గీకి టంకం పెట్టాలి.

పోత: 13 మి.మీ. లోతున్న ప్లైవుడ్ అచ్చులో అడుగున ఫైబర్ గుడ్డ పరచి, చుట్టలు పేర్చి, రెసిన్ పోసి, పైన మరో గుడ్డ వేసి మూత బిగించాలి. రెసిన్‌లో కొంత టాల్కం పొడి కలిపితే గట్టిపడేటప్పుడు వేడి తగ్గుతుంది. హార్డ్‌నర్ పాళ్లు డబ్బా మీద ఉన్న ప్రకారమే వేయాలి. ఆరుబయట చేయాలి. దాని వాసన మంచిది కాదు.

బిగింపు: వెనక బిళ్ల, మధ్యలో పోత పోసిన పలక, ముందు బిళ్ల అనే వరసలో బిగించాలి. పలక తిరగదు, బిళ్లలే తిరుగుతాయి. పలకకు రెండు వైపులా 2 మి.మీ. చొప్పున సందు ఉండాలి. రెండు బిళ్లల మధ్య లాగుడు వంద కిలోలకు పైగా ఉంటుంది. ముందు బిళ్లను చేత్తో పట్టుకుని పెట్టడం ఎంతమాత్రం కూడదు. మూడు పొడుగాటి మరల బోల్టులు ఏర్పాటు చేసి, వాటిని కొంచెం కొంచెం తిప్పుతూ దింపాలి.

చేత్తో తిప్పి పరీక్ష

బయటికి తీసిన మూడు తీగలు దేనికీ తగలకుండా వదిలి బిళ్లలను చేత్తో తిప్పండి. తేలికగా తిరగాలి. సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పుతూ మల్టీమీటరుతో చూస్తే ఏ రెండు తీగల మధ్య అయినా సుమారు 3 వోల్టుల ఏసీ రావాలి. మూడు జతలూ సమానంగా ఉండాలి. తేడా వస్తే ఏదో చుట్ట తలకిందులుగా అతికి ఉంటుంది. రెసిన్ పోయక ముందే చుట్టలను తాత్కాలికంగా బిగించి ఈ పరీక్ష చేసుకుంటే నష్టం ఉండదు.

ఇప్పుడు మూడు తీగలూ కలిపి ముడివేసి మళ్లీ తిప్పండి. బిళ్ల బురదలో ఇరుక్కున్నట్లు బిగుసుకుంటుంది. ఖాళీ బొక్కెనకు గిలక తేలికగా తిరిగి, నిండు బొక్కెనకు బరువెక్కినట్లే ఇది కూడా. కరెంటు తీసుకునే కొద్దీ తిప్పడం కష్టమవుతుందని చేతికే తెలుస్తుంది. తనంతట తానే తిరిగే యంత్రం అమ్మజూపేవారిని ఈ పరీక్ష మీ ఎదుట చేసి చూపమనండి.

బ్యాటరీకి కలపడం

మూడు తీగలను బ్రిడ్జి రెక్టిఫైయర్‌కు, అక్కడి నుంచి ఫ్యూజు ద్వారా బ్యాటరీకి కలపాలి. నిమిషానికి 200 చుట్ల దగ్గర చార్జింగు మొదలవుతుంది. రెక్టిఫైయర్‌ను అల్యూమినియం పలకకు బిగిస్తే వేడెక్కదు. 12 వోల్టుల కరెంటు పొడవాటి తీగలో చాలా నష్టపోతుంది. 2.5 చదరపు మి.మీ. రాగి తీగతో 50 మీటర్ల దూరం 5 ఆంపియర్లు పంపితే 3 వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. అందువల్ల బ్యాటరీని జనరేటరుకు 15 నుంచి 20 మీటర్ల లోపే ఉంచి, లావు తీగ వాడాలి.

మామూలు సోలార్ కంట్రోలర్ దీనికి పనికిరాదు. బ్యాటరీ నిండగానే అది లైను తెంచేస్తుంది. బరువు తొలగిన మర అదుపు తప్పి తిరుగుతుంది. బ్యాటరీ 14.4 వోల్టులకు చేరగానే మిగులు కరెంటును హీటరు చుట్టకు మళ్లించే డంపు లోడు కంట్రోలర్ అని అడిగి తీసుకోవాలి. బ్యాటరీలో సగానికి మించి వాడకుండా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

పాత స్కూటరు చక్రం ఉంటే

పాత ఎలక్ట్రిక్ స్కూటరు వెనక చక్రంలోని హబ్ మోటారు కూడా అయస్కాంతాల జనరేటరే. దాని లావు తీగలు మూడింటినీ రెక్టిఫైయర్‌కు కలిపితే చాలు, సన్న తీగలు అక్కరలేదు. 48 వోల్టుల హబ్ మోటారు చాలావరకు నిమిషానికి 150 చుట్ల దగ్గరే 12 వోల్టుల బ్యాటరీకి చార్జింగు ఇవ్వగలదు. అయితే లోపల ఇనుప పళ్లు ఉండటం వల్ల ఆగి ఆగి కదులుతుంది. సన్న గాలికి గాలిమర మొదలు కాదు. నీటి చక్రానికి మాత్రం బాగా పనికొస్తుంది. అయస్కాంతాల ఖర్చు, పోత పని రెండూ తప్పుతాయి.

తప్పనిసరి జాగ్రత్తలు

నియోడిమియం అయస్కాంతాలు రెండు ఒకదానికొకటి అతుక్కునేటప్పుడు మధ్యలో వేలు పడితే నలిగిపోతుంది. ఒక్కొక్కటే విడిగా, మధ్య చెక్క ముక్క పెట్టి దాచాలి. చిన్న అయస్కాంతాలు పిల్లలు మింగితే ప్రాణాపాయం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరికి రాకూడదు.

సెకనుకు 5 మీటర్ల గాలిలోనే రెక్క కొన గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. మూడు రెక్కలూ ఒకే బరువు ఉండేలా వడ్రంగి చేత పొడి టేకుతో చేయించాలి. మరను స్తంభం ఇరుసుకు సుమారు 4 అంగుళాలు పక్కకు జరిపి, తోకను వాలుగా మడత బందు మీద నిలిపితే పెనుగాలికి మర తనంతట తాను పక్కకు తిరిగిపోతుంది. ఈ ఏర్పాటు లేని గాలిమర ఎక్కించవద్దు. స్తంభానికి నాలుగు వైపులా స్టే వైర్లు ఉండాలి. కరెంటు లైన్ల దగ్గర స్తంభం లేపకూడదు. తుపాను హెచ్చరిక వినగానే, మర నెమ్మదిగా ఉన్నప్పుడే మూడు తీగలూ కలిపే స్విచ్చి వేసి ఆపి, వీలైతే కిందికి దించాలి.

బ్యాటరీ గాలి తగిలే చోట ఉండాలి. చార్జింగులో వచ్చే వాయువు నిప్పురవ్వకు అంటుకుంటుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

ఈ జనరేటరును ఇంటి కరెంటు లైనుకు కలపరాదు. అడవిపందుల కోసం కంచె తీగకు మెయిన్ లైను కరెంటు తగిలించే పద్ధతి రైతుల ప్రాణాలనే తీస్తోంది, అది చట్టరీత్యా నేరం కూడా. ఇన్వర్టరు పెట్టి ఈ బ్యాటరీ కరెంటును కంచెకు ఇచ్చినా ప్రమాదం అంతే. పందులకు వెలుగు, అలికిడి చూపించడానికే దీన్ని వాడుకోవాలి.

ముందుగా చేయవలసింది

వాగు ఉన్నవారు బకెట్‌తో నీరు, గొట్టంతో ఎత్తు కొలవాలి. మెట్టవారు గాలిని రెండు నెలలు రాసుకోవాలి. ఆ లెక్కలో రోజుకు 100 వాట్-గంటలు తేలకపోతే అయస్కాంతాలు కొనవద్దు. తేలితే ఇద్దరు ముగ్గురు పక్క పొలాల రైతులు కలిసి ఒకటి చేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. మెకానిక్‌కు కూడా పని అలవాటవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో జిల్లా కార్యాలయాల్లో ఈ తరహా చిన్న యూనిట్లకు ప్రస్తుతం సాయం ఏదైనా ఉందేమో పని మొదలు పెట్టక ముందే అడగాలి. ఖర్చు పెట్టాక వెళితే లాభం ఉండకపోవచ్చు. గాలి వివరాలకు చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ వేసిన గాలి పటాలు ఉన్నాయి. అయితే మీ చేలో చెట్లు, గట్లు ఆ పటంలో ఉండవు. కనుక క్యాలెండరు మీద రాసుకున్న లెక్కకే ఎక్కువ విలువ ఇవ్వాలి.